చెల్లని చెక్కు, చెల్లవలసిన మాట

చెక్కు అంటే ఖాతాదారు తన బ్యాంకుకు రాసిచ్చే ఆజ్ఞ. ఫలానావారికి నా ఖాతాలోంచి ఇంత సొమ్ము చెల్లించమని అందులో ఉంటుంది. ఆజ్ఞ బ్యాంకుకే అయినా మాట ఇస్తున్నది చెక్కు పుచ్చుకున్నవారికి. ఆ కాగితం ‘నిధులు చాలవు’ అన్న మెమోతో తిరిగొస్తే రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. రావలసిన సొమ్ము రాలేదు, అది బాకీ. ఇచ్చిన మాట నిలవలేదు, అది అసత్యం. బాకీ వసూలుకు సివిల్ దావా ఎప్పటినుంచో ఉంది. అసత్యానికి శిక్ష ఉండాలా, ఉంటే చేతకాక తప్పినవాడికీ చేతనై ఎగ్గొట్టినవాడికీ ఒకే శిక్షా అన్నది వేరే ప్రశ్న. పత్రికలు ‘చెల్లని చెక్కు కేసు’ అనీ జనం ‘చెక్కు బౌన్సు కేసు’ అనీ పిలిచే వ్యవహారమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కనిగిరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మెజిస్ట్రేటు ముందుకు ఒక బ్యాంకు తెచ్చే ఫిర్యాదులోనూ చివరికి తేలవలసింది ఇదే.

కనిగిరిది మెట్ట ప్రాంతం. 1970లో నెల్లూరు జిల్లా నుంచి విడదీసి, కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపారు. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఇక్కడి సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడ్డది: కంది, పొగాకు, మిరప, పత్తి. పొగాకు బోర్డు వేలం కేంద్రం ఊళ్లోనే ఉంది. పంట డబ్బు చేతికొచ్చేది ఏడాదికొకసారి. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి మాత్రం అంతకు నెలల ముందే అడుగుతాయి. ఈ ఎడాన్ని పూడ్చేది అప్పు. దగ్గరివాళ్ల మధ్య అయితే చేబదులు, అక్కడ నోటిమాటే చాలు. మొత్తం పెద్దదైతే ప్రోనోటు: రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకుకో ఫైనాన్సు కంపెనీకో వెళితే పత్రాలతో పాటు చెక్కులు కూడా ఇవ్వాలి. చేబదులుకు సాక్షి ఎదుటి మనిషి మనసు. నోటుకు సాక్షి పక్కన కూర్చుని సంతకం చేసిన ఊరివాడు. చెక్కుకు సాక్షి బ్యాంకు మెమో. సాక్షి దూరమయ్యేకొద్దీ శిక్ష దగ్గరవుతూ వచ్చింది.

చెక్కులు, ప్రోనోట్లు, హుండీల గురించిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. వందేళ్లకు పైగా ఆ చట్టం దృష్టిలో చెక్కు తిరిగిరావడం నేరం కాదు. చెక్కు ఇచ్చినవాడిని శిక్షించాలంటే మోసం కింద కేసు పెట్టాలి. మోసం రుజువు కావాలంటే, చెక్కు ఇచ్చిన క్షణంలోనే అతని మనసులో ఎగవేత ఉందని చూపించాలి. అంటే చేతకాలేదా, చేయదలచుకోలేదా అన్న ప్రశ్నను ఆనాటి చట్టం అడిగేది. ఆ రుజువు దొరకడం కష్టం కాబట్టి చాలా కేసులు నిలిచేవి కావు.

అప్పు తీర్చనివాడిని జైల్లో పెట్టవచ్చా అన్న ప్రశ్న 1980లో సుప్రీంకోర్టు ముందుకు సూటిగా వచ్చింది. బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ డిక్రీ సంపాదించి, సొమ్ము రాబట్టడానికి బాకీదారులను సివిల్ జైలుకు పంపమని కోరిన వ్యవహారం అది. తీర్పు రాసినది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఒప్పంద బాధ్యత తీర్చలేకపోయినంత మాత్రాన ఎవరినీ నిర్బంధించరాదన్న అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. దానినీ రాజ్యాంగం 21వ అధికరణాన్నీ పక్కపక్కన పెట్టి, డబ్బు లేకపోవడం నేరం కాదని ఆయన తేల్చారు. బాకీ ఉండగా చెల్లించగల శక్తి ఉన్నా చెడ్డ ఉద్దేశంతో ఎగవేసినవాడికే జైలు. కలిమి లేనితనాన్నీ కపటాన్నీ ఇంత స్పష్టంగా విడదీసిన తీర్పులు తక్కువ. ఆ వ్యవహారమూ ఒక బ్యాంకుదే కావడం వల్ల కనిగిరిలాంటి చోట బ్యాంకుకూ రైతుకూ మధ్య నడిచే ప్రతి కేసుకూ ఈ తీర్పు వెనుక గోడలా నిలుస్తుంది.

ఎనిమిదేళ్ల తర్వాత పార్లమెంటు ఇంకో వైపు నడిచింది. 1988లో చేసిన సవరణ చట్టం ద్వారా 138 నుంచి 142 వరకు కొత్త సెక్షన్లు 1881 చట్టంలో చేరి, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. నిధులు చాలక చెక్కు తిరిగిరావడం 138వ సెక్షను కింద నేరమైంది. చెక్కు మీద జనానికి నమ్మకం నిలవాలన్నది ఉద్దేశం. మొదట ఏడాదిగా ఉన్న గరిష్ఠ జైలుశిక్షను 2002 సవరణ రెండేళ్లు చేసింది. జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా వేయవచ్చు. చెక్కు పట్టుకున్నవారికి రావలసిన బాకీ ఉందనే కోర్టు మొదట అనుకోవాలని 139వ సెక్షను చెబుతుంది. చెక్కు తిరిగివస్తుందని అనుకోలేదు అన్న సమాధానం చెల్లదని 140వ సెక్షను చెబుతుంది. ఈ రెండూ కలిసి, పాత మోసం కేసుల్లో కోర్టు అడిగిన ప్రశ్ననే తీసేశాయి. వాన రాక ఖాతా ఖాళీ అయినవాడూ, ఖాతాలో డబ్బు తీసేసి చెక్కు రాసినవాడూ మెమో దగ్గర ఒకేలా కనిపిస్తారు.

అయినా ఈ చట్టం గుడ్డిది కాదు. చెక్కు తిరిగిరావడంతోనే నేరం పూర్తి కాదన్న సంగతి చాలామందికి తెలియదు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా సొమ్ము కట్టమని లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కడితే నేరం పుట్టదు. ఆ 15 రోజులు దాటాక నెలలోగా ఫిర్యాదు వేయాలి. అంటే చట్టం శిక్షిస్తున్నది చెక్కు తిరిగివచ్చిన క్షణాన్ని కాదు. తప్పు తెలిసి, దిద్దుకోమని అడిగి, గడువు ఇచ్చిన తర్వాత కూడా నిలవని మాటను. నోటీసు అందలేదనేవాడికి 2007లో సుప్రీంకోర్టు ఇంకో తలుపు తెరిచింది. కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టేస్తే ఫిర్యాదును కొట్టేయమని అడగవచ్చు. ఆ గడువులోనూ కట్టనివాడు నోటీసు రాలేదన్న వాదన చేయలేడు. పశ్చాత్తాపానికి చట్టం రోజులు లెక్కగట్టి చోటు పెట్టడం ఇది. ఆ 15 రోజుల్లో పొగాకు వేలం తెరుచుకుంటే ఆ చోటు పెద్దది. పంట ఇంకా పొలంలోనే ఉంటే ఆ చోటు పేరుకే.

మాట నిలపడానికి తెలుగువారు పెట్టుకున్న కొలత హరిశ్చంద్రుడు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తరాలపాటు రాత్రంతా ఆడిన బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం వల్ల ఆ కథ పురాణం తెలియనివారికీ తెలుసు. రాజ్యం దానమిచ్చేసి, విశ్వామిత్రుడికి ఇంకా ఇవ్వవలసిన సొమ్ము కోసం గడువు అడిగి, కాశీకి పోయి, ఆలుబిడ్డలను అమ్మి, తాను వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. మార్కండేయ పురాణం ఆ గడువు ఒక నెల అంటుంది. నాటకంలో వెంట తిరిగే నక్షత్రకుడి పేరు అప్పులవాళ్లకు తెలుగులో స్థిరపడిపోయింది. వసూలుకు వచ్చి గడప దిగనివాడిని ఇప్పటికీ నక్షత్రకుడంటారు.

ఈ కథను 138వ సెక్షను పక్కన పెట్టి చూస్తే ఒక లోతు కనిపిస్తుంది. ఆ సెక్షను కింద నేరం కావాలంటే చెక్కు వెనుక చట్టం ప్రకారం వసూలు చేయదగ్గ బాకీ ఉండాలి. ఇస్తానన్న దానం అలాంటి బాకీ కాదు. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుడికి రాసినది చెక్కే అయి, అది తిరిగివచ్చి ఉంటే, ఏ మెజిస్ట్రేటూ ఆయనను శిక్షించలేడు. ఆయనను కట్టిపడేసినది సత్యం ఒక్కటే. వామనుడి ముందు నిలబడ్డ బలిదీ ఇదే స్థితి. సర్వస్వం పోయే చోట మాట తప్పినా పాపం లేదని గురువు శుక్రాచార్యుడే చెప్పినా బలి ఒప్పుకోలేదు. భాగవతం ఎనిమిదో స్కంధంలో ఆ గురుశిష్యుల వాదన అప్పు ఎగవేత గురించిన వాదనలన్నిటికీ మూలంలాంటిది. శుక్రుడి తర్కం తేలికైనది కాదు, ప్రాణాపాయంలో, సర్వనాశనంలో మనిషికి మినహాయింపు ఉండాలన్న ఆలోచన అందులో ఉంది.

అయితే హరిశ్చంద్రుడి కొలతను ధర్మశాస్త్రం ఎన్నడూ మామూలు మనిషికి చట్టంగా పెట్టలేదు. ఆయన తన మాటకు తనను అమ్ముకున్నాడు, ఎవరూ అలా అమ్ముకోమని శాసించలేదు. తనకు తాను విధించుకున్నప్పుడు అది సత్యవ్రతం. ఇంకొకరి మీద విధించినప్పుడు అది నక్షత్రకుడి పని అవుతుంది. ఆలుబిడ్డల అమ్మకంలో వాళ్ల అభిప్రాయం ఎక్కడుందన్న ప్రశ్న కూడా ఆ కథలో గుచ్చుకుంటూనే ఉంటుంది. ఇంటాయన రాసిన చెక్కుకు ఇంటావిడ పుస్తెలు కుదువకు వెళ్లే ఇళ్లలో ఆ ప్రశ్న నాటకం దగ్గర ఆగదు.

మామూలు మనుషుల అప్పుల గురించి ధర్మశాస్త్రం చెప్పినది వేరు. వ్యవహార పదాలు 18 అని మనువు లెక్కపెట్టి, వాటిలో మొదటిదిగా ఋణాదానాన్ని, అంటే అప్పు వసూలును, నిలబెట్టాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర వ్యాఖ్య రాశాడు. దాన్ని పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి విజ్ఞానేశ్వరీయంగా తెచ్చాడు. తిక్కన సమకాలికుడై, ఆయనకే తన దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కవి కేతన. నెల్లూరు సీమ పరిసరాల్లో తెలుగులో పుట్టిన తొలి ధర్మశాస్త్రమిది. కనిగిరి చాలాకాలం ఆ నెల్లూరు జిల్లాలోనిదే కావడం గుర్తుపెట్టుకోదగ్గ సంగతి. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని ఆ గ్రంథంలో మూడు కాండలు. అప్పు ఈ మూడింటికీ చెందుతుంది: తీసుకోవడంలో ఆచారం, తగాదా పడ్డప్పుడు వ్యవహారం, తప్పాక ప్రాయశ్చిత్తం. నేటి కోర్టు చేతిలో ఉన్నది మధ్య కాండ ఒక్కటే.

వసూలుకు మనువు అయిదు దారులు చెప్పాడు: ధర్మం, వ్యవహారం, ఉపాయం, ఆచరితం, బలం. నచ్చజెప్పడంతో మొదలై ఒత్తిడితో ముగిసే వరుస ఇది. తీర్చలేని అశక్తుడి సంగతీ ఆయన విడిగా పట్టించుకున్నాడు. అలాంటివాడు అప్పటిదాకా అయిన వడ్డీ కట్టి, పత్రం కొత్తగా రాసివ్వవచ్చు. కనిగిరి చుట్టుపక్కల ఇప్పటికీ మూడేళ్లు నిండబోతుంటే ‘నోటు తిరగరాయడం’ జరుగుతూనే ఉంది. యాజ్ఞవల్క్యుడు పేద బ్రాహ్మణుడికి ఆదాయాన్ని బట్టి మెల్లమెల్లగా తీర్చే వెసులుబాటు ఇచ్చాడు, తక్కువ కులాలవాడైతే ఒంటి కష్టంతో తీర్చమన్నాడు. ఇది దాచకుండా చెప్పవలసిన మచ్చ. దయను కులం చూసి పంచిన చోట అది సగం దయే. ఆ ఒంటి కష్టమే తర్వాతి శతాబ్దాల్లో తరాలు దాటే వెట్టిగా మారింది. 1976 చట్టంతో గానీ అది నేరం కాలేదు.

అబద్ధం విషయంలో మాత్రం ఆ శాస్త్రకారుల చూపు ఆశ్చర్యపరిచేంత పదునైనది. కోర్టుకు వచ్చాక అప్పు ఉన్నదని ఒప్పుకున్నవాడికి మనువు నూటికి 5 జరిమానా వేశాడు, లేదని బుకాయించి ఓడినవాడికి అందుకు రెట్టింపు. యాజ్ఞవల్క్యుడు ఇంకా ముందుకు వెళ్లాడు. బుకాయించినవాడు అప్పుతో పాటు అంతే సొమ్ము రాజుకూ కట్టాలి. అప్పు పడడం ఒక లెక్క, దాన్ని కాదనడం ఇంకో లెక్క. శిక్ష రెండోదానికి. 1988లో చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పెట్టినవారు యాజ్ఞవల్క్యుడిని చదివి పెట్టలేదు. అయినా లెక్క ఒకచోటికే వచ్చింది. తేడా ఒకటే: పాత లెక్క ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పినవాడికి పడింది, కొత్త లెక్క చెక్కు తిరిగివచ్చి నోటీసు గడువు దాటిన ప్రతివాడికీ పడవచ్చు.

వడ్డీ అసలును మించరాదన్న హద్దు కూడా ధర్మశాస్త్రానిదే. ఒకేసారి వసూలు చేసేది అసలుకు రెట్టింపు దాటకూడదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం దీనికి దగ్గరగా వచ్చింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే కట్టిన రైతు అప్పు తీరిపోయినట్టే లెక్కించమంది. కనిగిరి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అప్పు అనేది ఎప్పటికీ పెరుగుతూ పోయే అంకె కాదన్నది ఆ హద్దు వెనుక ఉన్న ఆలోచన. మనిషి భరించగల బరువుకు ఒక మేర ఉంది.

కనిగిరి పరిసరాల్లో మసీదులూ చర్చీలూ గుళ్లంత సహజంగా ఉన్నాయి, అప్పు గురించి వాటి మాట కూడా ఇక్కడి మాటే. ఖురాన్ రెండో అధ్యాయంలో అప్పును రాసుకోవాలనీ, రాసేవాడు న్యాయంగా రాయాలనీ, సాక్షులు ఉండాలనీ వివరించే వాక్యం ఆ గ్రంథంలోకెల్లా పొడవైనది. దానికి రెండు వాక్యాల ముందే, బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే తేలికపడేదాకా గడువివ్వండి, వదిలేస్తే మరీ మంచిదన్న ఆదేశం ఉంది. పత్రమూ దయా పక్కపక్కనే. తెలుగు బైబిలులో మత్తయి సువార్త ప్రార్థన పాపక్షమాపణను ఋణం అన్న మాటతోనే చెబుతుంది. అదే సువార్తలో, తన కొండంత అప్పు మాఫీ అయిన సేవకుడు చిన్న బాకీకి తోటివాడిని చెరలో వేయించిన ఉపమానం ఉంది. ప్రతివాదితో కోర్టుకు వెళ్లే దారిలోనే సమాధానపడమన్న బోధ ఉంది. బౌద్ధంలో అప్పు లేకపోవడం గృహస్థుడి సుఖాల్లో ఒకటి. అప్పు ఎగ్గొట్టి సంఘంలో చేరడానికి వచ్చినవాడికి భిక్షు దీక్ష ఇవ్వరాదు. సన్యాసం కూడా బాకీకి విడుదల కాదన్నమాట.

ఈ సంప్రదాయాలన్నీ వేర్వేరు దారుల్లో వచ్చి ఒక మాట దగ్గర కలుస్తాయి. ఇచ్చినవాడు అడగవచ్చు, తీసుకున్నవాడు ఒప్పుకోవాలి, లేనివాడికి గడువు దొరకాలి, ఉండీ లేదనేవాడికి శిక్ష పడాలి. ఇందులో లేనివాడెవరో ఉన్నవాడెవరో తేల్చడానికి ఎవరో ఒకరు ఎదురుగా చూసి తీరాలి. 138వ సెక్షను నేరం దగ్గర ఆ చూపును తీసేసింది. అది మళ్లీ దొరికే చోటు ఊరి కోర్టు ఒక్కటే.

బ్యాంకు ఫిర్యాదుదారు అయినప్పుడు ఆ చూపు ఇంకా కష్టమవుతుంది. అప్పు మంజూరు చేసిన మేనేజరు బదిలీ అయి వెళ్లిపోయి ఉంటాడు. సాక్ష్యం చెప్పే మేనేజరుకు తెలిసింది లెడ్జరు మాత్రమే. బాకీదారు ముఖం అతను కోర్టులోనే మొదటిసారి చూడవచ్చు. ఊరి షావుకారుకు కోపం వస్తుంది, జాలి కూడా వస్తుంది. బ్యాంకుకు రెండూ రావు. అది బ్యాంకు తప్పు కూడా కాదు. అందులో ఉన్నది డిపాజిటర్ల సొమ్ము. తనది కాని సొమ్మును ఎవరైనా ఎలా క్షమించగలరు? అందుకే బ్యాంకు దయ నియమాల రూపంలో వస్తుంది. వన్ టైమ్ సెటిల్‌మెంటు అని జనం ఎరిగిన ఆ రాజీలకు పాలకమండలి ఆమోదించిన విధానం ఉండాలని రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో అన్ని బ్యాంకులకూ చెప్పింది. మేనేజరు ఎంత తగ్గించగలడన్నది అందులో రాసి ఉంటుంది. ఆ హద్దులోపలే రాజీ కుదరాలి.

ఖాళీ చెక్కుల సంగతి వేరుగా చూడాలి. అప్పు ఇచ్చేటప్పుడే సంతకం పెట్టించుకుని, అంకె, తేదీ తర్వాత నింపుకునే అలవాటు ఈ ప్రాంతంలో ఎరువుల దుకాణం నుంచి ఫైనాన్సు కంపెనీ దాకా ఉంది. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును వేరొకరు నింపినా 139వ సెక్షను ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఊహను తిప్పికొట్టే అవకాశం నిందితుడికి ఉంది. అందుకు సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, నమ్మదగ్గ అవకాశం చూపిస్తే చాలని 2010 నాటి తీర్పు. చట్టం అలా ఉన్నా ధర్మం దృష్టిలో ఖాళీ చెక్కు మాట కాదు. మాట అంటే ఎంత, ఎప్పుడు అని తెలిసి పలికేది. సంతకం మాత్రమే ఉన్న కాగితం మీద అంకెను పలికేది పుచ్చుకున్నవాడు. ఇతరుడు పలికిన మాటను తప్పినందుకు మనిషిని అసత్యవాది అనడం న్యాయం కాదు. అంకె తీసుకున్న అప్పుకు సరిపోతే సంతకానికి విలువ ఉంది. మించితే ఆ మిగిలిన భాగానికి అబద్ధం నింపినవాడిది.

ఫిర్యాదు కనిగిరిలో ఎందుకు నడుస్తుందన్నదీ చట్టమే నిర్ణయించింది. చెక్కు ఖాతాలో వేసుకున్నవారి బ్యాంకు శాఖ ఎక్కడుంటే అక్కడి కోర్టుకే అధికారమని 2015 సవరణ. కనిగిరి శాఖ తన బాకీ కోసం తీసుకున్న చెక్కు కేసు కనిగిరిలోనే నడవాలి. బాకీదారు హైదరాబాదుకో బెంగళూరుకో వలస వెళ్లినా వాయిదాకు ఇక్కడికే రావాలి. ఖాతా నుంచి నెలనెలా వాయిదా దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు విఫలమైనా, 2007 నాటి చెల్లింపు వ్యవస్థల చట్టం కింద దాదాపు ఇదే తీరులో కేసు నడుస్తుంది. ఫిర్యాదుదారు సాక్ష్యం అఫిడవిట్‌గా ఇవ్వవచ్చు. విచారణ దశలో చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణతో వచ్చింది. కేసు ఆరు నెలల్లో ముగియాలని చట్టం కోరుతుంది. 2019 చివరికి దేశంలో పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు 2.31 కోట్లు, వాటిలో చెక్కు కేసులే 35.16 లక్షలు. ఆరు నెలలన్న మాట చాలా చోట్ల చట్టం నిలుపుకోలేకపోయిన మాట.

కాబట్టి చాలా కేసులు చేరే చోటు రాజీ. 147వ సెక్షను ప్రకారం ఈ నేరం రాజీకి వీలైనది. రెండు పక్షాలూ ఒప్పుకోవాలి, అంగీకారం లేనిదే కోర్టు రాజీని రుద్దలేదు. శిక్ష కన్నా పరిహారానికే ముందు చోటు అని 2010లో సుప్రీంకోర్టు చెబుతూ ఒక మెట్ల వరుస పెట్టింది. దాని ప్రకారం మొదటి రెండు వాయిదాల్లో రాజీ పడితే ఖర్చు ఉండేది కాదు. తర్వాత మెజిస్ట్రేటు దగ్గర అయితే చెక్కు మొత్తంలో 10 శాతం, సెషన్స్ లేదా హైకోర్టులో 15, సుప్రీంకోర్టు దాకా లాగితే 20 శాతం న్యాయసేవల సంస్థకు కట్టాల్సి వచ్చేది. 2025లో ఆ శాతాలను అదే కోర్టు తగ్గించింది. తొందరగా ఒప్పుకున్నవాడికి తక్కువ, చివరిదాకా కాదన్నవాడికి ఎక్కువ. మనువు పెట్టిన 5, 10 మెట్లతో దీన్ని కలిపి చూసినవారికి, అప్పు తగాదాలో ఒప్పుకోలుకు మనుషులు ఎప్పుడూ విలువ కట్టారని అర్థమవుతుంది.

రాజీ ఎక్కువగా లోక్ అదాలత్‌లో రాస్తారు. లక్ష రూపాయల చెక్కు అనుకుందాం. వడ్డీ వదిలి అసలు మూడు వాయిదాల్లో, చివరి వాయిదా పంట అమ్మాక అని రాసుకోవచ్చు. బెంచి ముందు రెండు పక్షాలూ సంతకాలు చేశాక అది అవార్డు అవుతుంది. దాని మీద అప్పీలు లేదు. చెక్కు కేసులో వచ్చిన అవార్డును సివిల్ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. రాజీ ఒప్పందం కుదిరాక పాత చెక్కు మీది ఫిర్యాదును సమాంతరంగా నడపలేరని, ఒప్పందం కింద ఇచ్చిన కొత్త చెక్కు కొత్త బాధ్యత అని 2021 తీర్పు. కొత్త మాట పాత మాట స్థానంలో నిలబడుతుంది.

లోక్ అదాలత్‌లోని ఆ రాజీ బల్ల దగ్గరే, చట్టం అడగడం మానేసిన ప్రశ్న మళ్లీ వినిపిస్తుంది. వాన పడిందా, పంట ఎంత వచ్చింది, ఇల్లు అమ్ముకోకుండా ఎంత కట్టగలవు, ఎప్పటికి? ఈ ప్రశ్నలు 138వ సెక్షనులో లేవు. సాక్ష్యంగా చెబితే విచారణలో వాటికి చోటు దొరకడం కష్టం. రాజీలో మాత్రం అంకె వాటి మీదే కుదురుతుంది. రాజీ అంటే సగం న్యాయం అనుకునేవారున్నారు. చెక్కు కేసులో అది నిజం కాదు. చేతకాలేదా, చేయదలచుకోలేదా అని అడిగి, జవాబును బట్టి గడువు పెట్టేది అదొక్కటే. అయితే అది నిజమైన రాజీ కావాలంటే బాకీదారు భయంతో కాక లెక్క తెలిసి సంతకం చేయాలి. కట్టలేని వాయిదాలకు తలూపి బయటపడేవాడు ఇంకో చెల్లని చెక్కు రాస్తున్నాడు. ప్లీడరుకు డబ్బు లేనివారికి న్యాయసేవల సంస్థ ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. ఆ సాయం రాజీ బల్ల దగ్గరే ఎక్కువ అవసరం.

రాజీ నమోదైతే చట్టం దాన్ని నిర్దోషిగా విడుదలతో సమానంగా చూస్తుంది. ఇక్కడ చట్టమూ ధర్మమూ విడిపోతాయి. సొమ్ములో కొంత వదిలేసినా చట్టానికి బాకీ తీరింది. ధర్మానికి తీరిందా అన్నది వదిలినవారి మనసు మీద ఆధారపడుతుంది. ఇష్టంగా వదిలితే తీరింది. అంతకన్నా రాదని తేలి వదిలితే, తర్వాత కలిమి వచ్చినప్పుడు ఆ మిగులు గుర్తుకురావాలి. నోటుకు కాలదోషం పట్టినప్పుడూ ఇదే స్థితి. మూడేళ్లు దాటితే వసూలు దారి మూసుకుపోతుంది తప్ప అప్పు మాయం కాదు. కాలదోషం పట్టిన అప్పును కడతానని మళ్లీ రాసిచ్చిన మాటను కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ఇప్పటికీ చెల్లుతుందంటుంది. లౌకిక చట్టంలో సత్యానికి వదిలిన చిన్న కిటికీ అది.

కేసు నడుస్తుండగా బాకీదారు చనిపోతే క్రిమినల్ ఫిర్యాదు అక్కడితో ముగుస్తుంది. శిక్ష వారసులకు రాదు. అప్పు వస్తుందా అన్నదానికి పాత సమాధానం కఠినమైనది. తండ్రి అప్పును కొడుకు, మనుమడు తీర్చి తండ్రిని ఋణవిముక్తుణ్ని చేయాలని ధర్మశాస్త్రం చెప్పింది. తాగుడు, జూదం కోసం చేసిన అప్పులను మాత్రం అందులోంచి తీసేసింది. తీరని అప్పు వచ్చే జన్మలో అప్పిచ్చినవాడి ఇంట ఎద్దై పుట్టి తీర్చుకోవాలని పల్లెల నమ్మిక. కోర్టులు ఆ పితృఋణ బాధ్యతను చాలాకాలం అమలు చేశాయి. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో దాన్ని తీసేసింది. ఇప్పుడు బ్యాంకు చనిపోయినవాడి ఆస్తి మీద, అది వారసుల చేతికి ఎంత వచ్చిందో అంతవరకే సివిల్ దావాతో వెళ్లగలదు. దాన్ని దాటిన బాకీ బ్యాంకు పుస్తకాల్లో రానిబాకీగా మిగులుతుంది.